పేరు పెద్దది, దుప్పటి లేదు: వరుంపి బ్యాండ్ విశేషాలు

◆ 1983లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న రికార్డు విడుదలైంది. ఒక వైపు ఒక పాట, తిప్పి వేస్తే ఇంకో పాట. అంతే. మొదటి పాట పేరు ‘జైలంగురు పకర్ను’, అంటే జైలు నుంచి బయటికి రావడం. ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలో విడుదలైన తొలి రాక్ రికార్డుగా దానికి చరిత్రలో చోటుంది. తెల్లవాళ్లు కాలు పెట్టేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. ప్రతి భాషకూ తన పాటలు, తన ఆటలు ఉండేవి. అన్ని భాషల్లో ఒక్కదానికైనా రాక్ రికార్డు మీద చోటు దొరకడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పాట కట్టినవాళ్లది సిడ్నీ కాదు, మెల్‌బోర్న్ కాదు. ఎడారి నడుమ కొన్ని వందల మంది ఉండే పాపున్యా అనే ఊరు. బ్యాండ్ పేరు వరుంపి.

◆ పాపున్యా ఎక్కడుంది? ఆస్ట్రేలియా పటంలో సరిగ్గా నడిమధ్యన వేలు పెడితే దాదాపు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం తగులుతుంది. అక్కడి నుంచి వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్లు వెళ్లాలి. ఇదంతా నార్తర్న్ టెరిటరీ. విస్తీర్ణం 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే, జనం మాత్రం రెండున్నర లక్షలు. పాపున్యా దానంతటది పుట్టి పెరిగిన ఊరు కాదు. ఎడారిలో తిరుగుతూ బతికే పింటుపి, లూరిచా, వార్ల్‌పిరి, అరెర్న్ట లాంటి తెగలవాళ్లందరినీ ఒక్కచోటికి చేర్చి తెల్లవాళ్ల పద్ధతులు నేర్పించాలని 1950ల చివర్లో ప్రభుత్వం కట్టించిన స్థావరం. ఎవరి నేలకు వాళ్లు దూరమై, ఒకరి భాష ఒకరికి రాని మనుషులు ఒకే చోట బతకాల్సి వచ్చింది. అందరూ మాట్లాడుకోవడానికి లూరిచా ఉమ్మడి భాష అయింది. పాపున్యా లూరిచా అని దానికి వేరుగా పేరు కూడా వచ్చింది. బ్యాండ్ తొలి పాటల్లో వినిపించేది ఆ భాషే. బలవంతంగా కలిపిన ఊళ్లో పుట్టిన భాష, ఆ ఊరి గొంతుగా దేశమంతా వినిపించింది.

◆ వరుంపి అనేది పాపున్యా దగ్గరి ఒక పవిత్రస్థలం. తేనెచీమల పురాణగాథకు చెందిన చోటు. ఈ చీమలు నిజంగా ఉన్నాయి. తుమ్మ జాతికి చెందిన మల్గా చెట్ల కింద, నేల లోపల గూళ్లు కడతాయి. వాటిలో కొన్ని ఆడచీమల పనే ఆహారం దాచడం. తోటి చీమలు తెచ్చిపెట్టిన తీపిరసాన్ని అవి పొట్టలో నింపుకుంటాయి. పొట్ట చిన్న ద్రాక్షపండంత ఉబ్బి, బంగారు రంగులో మెరుస్తుంది. అవి ఇక కదల్లేవు. గూటి కప్పును పట్టుకుని వేలాడుతూ, కరవు రోజుల్లో మిగతా చీమలకు ఆ రసం తిరిగి అందిస్తాయి. ఆడవాళ్లు చెట్ల మొదట్లో సన్నటి కన్నాలు చూసి గూటి ఆచూకీ పడతారు. మనిషి లోతు తవ్వి, చీమ తల పట్టుకుని పొట్టలోని తేనె చప్పరిస్తారు. పిల్లలకు ఎడారి ఇచ్చే మిఠాయి అది.

◆ అదే చీమ ఇంకో పెద్ద కథకూ మొదలు. 1971లో పాపున్యా బడిలో జెఫ్రీ బార్డన్ అనే డ్రాయింగ్ మాస్టారు పనిచేసేవాడు. ఆయన ప్రోత్సాహంతో ఊరి పెద్దలు బడి గోడ మీద తేనెచీమ గాథను పెద్ద బొమ్మగా వేశారు. కాపా జంపిజిన్‌పా ముందుండి వేయించాడు. అంతకుముందు ఇసుక మీద, ఒంటి మీద గీసుకున్న గుర్తులు అక్కడి నుంచి చెక్కల మీదికి, కాన్వాసు మీదికి ఎక్కాయి. 1972లో చిత్రకారులు పాపున్యా తులా అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ప్రపంచమంతా నేడు గుర్తుపట్టే ఆ చుక్కల చిత్రాల ఉద్యమం అక్కడే మొదలైంది. ఆ తరంలో ఒకడైన క్లిఫర్డ్ పోసమ్ జాపల్జారి వేసిన ‘వార్లుగులోంగ్’ 2007లో 24 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు అమ్ముడైంది. కొన్నది ఆ దేశపు జాతీయ చిత్రశాల. బడి గోడ మీది మొదటి బొమ్మ మాత్రం లేదు. కొన్నేళ్లకే దాని మీద రంగు కొట్టేశారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

◆ జంపిజిన్‌పా, జాపల్జారి అనేవి మన ఇంటిపేర్ల లాంటివి కావు. అక్కడ ప్రతి మనిషీ పుట్టుకతోనే 8 వర్గాల్లో ఒకదానికి చెందుతాడు. మగవాళ్ల పేరు ‘జ’ ధ్వనితో మొదలైతే, అదే వర్గపు ఆడవాళ్ల పేరు ‘న’తో మొదలవుతుంది. జాపల్జారికి తోబుట్టువు నాపల్జారి. తండ్రి పేరు కొడుక్కి రాదు. జాపల్జారి కొడుకు జుంగురాయి అవుతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరితో ఎలా నడుచుకోవాలి అనేవన్నీ ఈ వర్గాన్ని బట్టే తేలుతాయి. ఊళ్లో కలిసి బతికే బయటివాళ్లకు కూడా ఒక వర్గం ఇస్తారు. ఏదో ఒక వరసలో కలవని మనిషితో ఎలా మాట్లాడాలో తెలియదు కదా.

◆ బ్యాండ్ 1980లో మొదలైంది. నీల్ మర్రే దక్షిణాన విక్టోరియా రాష్ట్రపు పల్లెటూరు నుంచి వచ్చిన తెల్ల కుర్రాడు. పాపున్యాలో, చుట్టుపక్కల చిన్న పల్లెల్లో పాఠాలు చెప్పాడు, లారీ నడిపాడు. ఆ ఊళ్లో గిటారు వాయించే సామీ బుచర్, డ్రమ్స్ వాయించే అతని తమ్ముడు గోర్డన్ బుచర్ కలిశారు. పాడేవాడు జార్జ్ రురంబు. అతనిది ఎడారి కాదు. ఉత్తర సముద్రంలోని ఎల్కో ద్వీపం. యోల్ంగు జనానికి చెందినవాడు. పాపున్యా అమ్మాయిని చేసుకుని ఇటు వచ్చాడు. పాపున్యా నుంచి ఎల్కో నేరుగా కొలిచినా 1,200 కిలోమీటర్లకు పైమాటే. లూరిచా, జార్జ్ సొంతభాష గుమాజ్, ఇంగ్లీషు మూడూ ఆ బ్యాండ్‌లో పాటలయ్యాయి. వేదిక మీద జార్జ్ ఆవేశం చూసి పత్రికలు అతన్ని రాక్ గాయకుడు మిక్ జాగర్‌తో పోల్చేవి. అది మెచ్చుకోలే. కానీ జాగర్ తన అత్తగారి ఊరి భాష నేర్చుకుని, ఆ ఊరివాళ్ల ముందు ఆ భాషలోనే పాడలేదు. జార్జ్ పాడాడు.

◆ ఆదివాసీ బ్యాండ్ అనగానే డిడ్జెరిడూ కోసం వెతుకుతారు. నిజానికి పాపున్యా ప్రాంతపు ఎడారి జనానికి అది పూర్వీకుల వాద్యం కాదు. అది ఉత్తర తీరంలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్ వాళ్లది. జామాయిల్ జాతి చెట్ల కొమ్మల్ని చెదలు లోపల గుల్ల చేస్తాయి. ఆ కొమ్మను నరికి, శుభ్రం చేసి ఊదుతారు. ఎడారిలో పాటకు తోడు కర్రలు, రెండు బూమరాంగ్‌లను ఒకదానితో ఒకటి తాటించడం, తొడ మీద చరచడం. గిటారు వచ్చింది క్రైస్తవ మిషన్ల నుంచి, పశువుల ఫారాల నుంచి, రేడియో నుంచి. ముఖ్యంగా కంట్రీ సంగీతం వల్ల. స్లిమ్ డస్టీ అనే ఆస్ట్రేలియా కంట్రీ గాయకుణ్ని మారుమూల ఊళ్లలో ఇప్పటికీ ఆప్తుడిలా తలచుకుంటారు. బాబ్ మార్లీ 1979లో ఆస్ట్రేలియా వచ్చి పాడాక రెగే కూడా తోడైంది.

◆ బ్యాండ్ పుట్టిన 1980లోనే ఆలిస్ స్ప్రింగ్స్‌లో ‘కామా’ అనే ఆదివాసీల ప్రసార సంస్థ మొదలైంది. ఆదివాసీ భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేసింది, పాటలు రికార్డు చేసి క్యాసెట్లు వేసింది. మారుమూల ఊళ్లకు రికార్డుల దుకాణాలు లేవు. క్యాసెట్ కార్లలో వెళ్లింది, చేతులు మారింది. ఒక ఊరి కుర్రాళ్ల పాట వందల కిలోమీటర్ల అవతలి ఊరివాళ్లు వినగలిగారు. పట్నపు కంపెనీలు పట్టించుకోకముందే ఎడారిలో బ్యాండ్‌లు మొలకెత్తడానికి ఇదొక బలమైన కారణం.

◆ ఇప్పుడు ఆ జైలు పాట దగ్గరికి వద్దాం. తొలి పాటకు జైలే ఎందుకు వస్తువైంది?

పాపున్యా చరిత్రలోనే జవాబుంది. ఆల్బర్ట్ నమజీరా పేరు ఆస్ట్రేలియాలో బడిపిల్లలకు కూడా తెలుసు. నీటిరంగుల్లో ఎడారి కొండల్ని గీసి దేశమంతా పేరు పొందిన అరెర్న్ట చిత్రకారుడు. 1957లో ఆయనకు పౌరసత్వ హక్కులు ఇచ్చారు. ఆ హక్కుతో ఆయన మద్యం కొనుక్కోవచ్చు, తన బంధువులకు మాత్రం ఇవ్వకూడదు. వాళ్లు చట్టం దృష్టిలో ప్రభుత్వపు ‘పోష్యులు’. ఉన్నదాన్ని బంధువులతో పంచుకోవడం ఆ సమాజంలో మొదటి ధర్మం. చట్టం దాన్నే నేరం చేసింది. బంధువుకు మద్యం అందించాడని ఆయనకు శిక్ష వేశారు. ఆ శిక్ష అనుభవించింది పాపున్యాలోనే, 1959లో. అదే ఏడాది ఆగస్టులో ఆయన చనిపోయాడు.

ఆ తర్వాతా పరిస్థితి పెద్దగా మారలేదు. ఆస్ట్రేలియా జనాభాలో ఆదివాసులు, టోరెస్ జలసంధి ద్వీపవాసులు కలిపి దాదాపు 4 శాతం. జైళ్లలో మాత్రం మూడో వంతు వాళ్లే. నిర్బంధంలో ఆదివాసుల మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 1991లో నివేదిక ఇచ్చింది. వరుంపి పాట దానికి ఎనిమిదేళ్ల ముందుది. అందులో ఉపన్యాసం లేదు. జైలు నుంచి విడుదలై ఇంటిదారి పట్టిన మనిషి ఉన్నాడు, అంతే. ప్రతి ఇంట్లోనూ అలాంటి మనిషి ఉన్న ఊళ్లో, వాళ్ల మాటల్లోనే ఆ పాట పాడారు. బ్యాండ్ గురించి తెలిసినవాళ్లు చాలామంది వేరే పాటను ముందు చెబుతారు (దాని సంగతి తర్వాత వస్తుంది). నా మటుకు వరుంపి చేసిన అతిపెద్ద పని ఇదే. ముందు తమవాళ్లకు పాడారు. ప్రపంచం వింటే వింటుంది. ఆస్ట్రేలియా జాతీయ శబ్ద భాండాగారం ఈ రికార్డును దేశపు అమూల్యమైన శబ్దాల జాబితాలో చేర్చింది.

◆ రికార్డు రెండో వైపు పాట ‘కింటోరెలకుటు’, అంటే కింటోర్ వైపు. దాని వెనక ఒక వలస ఉంది. అది మామూలు వలస కాదు, వెనక్కి మళ్లిన వలస. పాపున్యాకు తెచ్చిపెట్టిన పింటుపి జనం అక్కడ రోగాలతో, దిగులుతో తల్లడిల్లారు. 1981లో వాళ్లు తమ సొంత నేలకు బయల్దేరి, ఆలిస్ స్ప్రింగ్స్‌కు 500 కిలోమీటర్లకు పైగా పడమట కింటోర్ అనే ఊరు నిలబెట్టుకున్నారు. ఇలా తమ గడ్డకు తిరిగివెళ్లడం ఆ రోజుల్లో ఆస్ట్రేలియా మారుమూలల్లో ఒక ఉద్యమంగా సాగింది.

◆ ఈ విశేషం నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది. ఈ రికార్డు వచ్చిన మరుసటి ఏడు, 1984 అక్టోబరులో, తొమ్మిది మంది పింటుపి కుటుంబ సభ్యులు ఎడారి నుంచి వచ్చి కివిర్కురా అనే ఊరి దగ్గర తమ బంధువులను కలుసుకున్నారు. అప్పటిదాకా వాళ్లు పూర్వీకుల్లాగే వేటాడుతూ, నీటిగుంటల వెంట తిరుగుతూ బతికారు. బయటి సమాజంతో సంబంధమే లేదు. అంటే పింటుపి వాళ్ల సొంతగడ్డ గురించి కట్టిన రాక్ పాట రికార్డై బయటికొచ్చేనాటికి, ఆ గడ్డ మీద ఇంకా ఒక కుటుంబం గిటారు అనేదే తెలియకుండా తిరుగుతోంది. ఆ కుటుంబంలోని వార్లింపిర్ంగ జాపల్జారి తర్వాత పేరున్న చిత్రకారుడయ్యాడు.

◆ మొదటి ఆల్బమ్ 1985లో వచ్చింది. దాని పేరు ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’. పేరు పెద్దది, కప్పుకోవడానికి దుప్పట్లు లేవు. ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుంటాం. మధ్య ఆస్ట్రేలియాలో జూన్, జూలై చలికాలం, రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. రోడ్డు పక్కన నేల మీద పడుకుంటూ ఊరూరా తిరిగే బ్యాండ్‌కు దుప్పటి లేకపోవడం అంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది. ఈ ఆల్బమ్‌లో నిరుద్యోగ భృతి మీద ఒక పాట ఉంది, నిప్పు మీద ఒక పాట, మల్గా మైదానాల మీద ఒక పాట. ‘బ్లాక్‌ఫెలా/వైట్‌ఫెలా’ దీనిలోదే. నల్లవాడైనా తెల్లవాడైనా రంగు ముఖ్యం కాదు, కలిసి నిలబడే మనుషులు కావాలి అని పిలుపునిచ్చే పాట. నలుపూ తెలుపూ కలిసిన బ్యాండ్ నోట వచ్చింది కాబట్టి ఆ మాటకు బలం వచ్చింది.

◆ ఆ పాట పేరే 1986లో ఒక యాత్రకు పెట్టారు. అప్పటికే దేశంలో పెద్ద పేరున్న మిడ్‌నైట్ ఆయిల్ బ్యాండ్, వరుంపితో కలిసి మారుమూల ఊళ్లకు బయల్దేరింది. మట్టిరోడ్లు, ఎర్రదుమ్ము. వరకుర్న, కింటోర్, పాపున్యా లాంటి ఎడారి ఊళ్లలో పాడి, తర్వాత ఉత్తర తీరానికి వెళ్లారు. పట్నాల్లో వేలమందిని ఊపేసిన మిడ్‌నైట్ ఆయిల్ పాటలు ఇక్కడి పిల్లలకు తెలియవు. వాళ్లకు తెలిసింది వరుంపి. ఈ యాత్ర తర్వాత మిడ్‌నైట్ ఆయిల్ 1987లో ‘డీజిల్ అండ్ డస్ట్’ ఆల్బమ్ చేసింది. అందులోని ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ అమెరికా, బ్రిటన్ చార్టుల దాకా వెళ్లింది. ఆదివాసుల నేల వాళ్లకు తిరిగి ఇచ్చేయాలని చెప్పే ఆ పాటలో కింటోర్ పేరు వినిపిస్తుంది. మన దగ్గర కూడా ఆ పాట విన్నవాళ్లు చాలామందే ఉంటారు. దాని వెనక దారి చూపిన బ్యాండ్ పేరు విన్నవాళ్లు తక్కువ. ఈ శీర్షికకు వరుంపిని ఎంచుకోవడానికి అదొక కారణం.

◆ ఇక అందరూ ముందు చెప్పే పాట. ‘మై ఐలాండ్ హోమ్’.

1985లో నీల్ మర్రే ఎల్కో ద్వీపంలో జార్జ్ వాళ్ల బంధువుల దగ్గర కొన్నాళ్లు ఉన్నాడు. పడవ మీద వెళ్లడం, చేపలు పట్టడం, తీరం మీద వండుకుని తినడం. తర్వాత చలికాలంలో దక్షిణాదిన బస్సులో పోతూ ఉంటే మనసంతా ఆ వెచ్చని సముద్రం మీదే ఉంది. అప్పుడు పుట్టిన పాట ఇది. కానీ రాసింది తన గురించి కాదు, జార్జ్ గురించి. ఏళ్ల తరబడి ఎడారిలో కాపురముంటూ, రాత్రిపూట సముద్రాన్ని తలచుకునే ద్వీపవాసి పాట. 1987లో ‘గో బుష్!’ ఆల్బమ్‌లో జార్జ్ గొంతుతో వచ్చింది. తన స్నేహితుడి బెంగను ఒకడు రాస్తే, ఆ స్నేహితుడే దాన్ని పాడటం ఎంత అరుదు!

1995లో టోరెస్ జలసంధి ద్వీపాల మూలాలున్న క్రిస్టీన్ అను అదే పాటను తన వరసలో పాడింది. ఎడారి పోయి నగరం వచ్చింది, ద్వీపం మాత్రం అలాగే ఉంది. ఆ ఏడాది ఆస్ట్రేలియా గేయకర్తల సంఘం దాన్ని ఉత్తమ గీతంగా ఎంచింది. 2000 అక్టోబరు 1న సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆమె ఆ పాట పాడింది. ఆస్ట్రేలియా మొత్తం ఒక ద్వీపమే కాబట్టి అక్కడ చాలామందికి అది అనధికార జాతీయగీతం లాంటిది. జార్జ్ గొంతులో ఉన్న పచ్చి దిగులు అను పాటలో లేదు, ఆమె పాటలోని తేట సంతోషం జార్జ్‌లో లేదు. రెండూ వినాలి.

◆ ఆ ముగింపు వేడుకలోనే మిడ్‌నైట్ ఆయిల్ ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ పాడింది. వాళ్ల నల్లని దుస్తుల మీద పెద్ద అక్షరాలతో ‘క్షమించండి’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. ప్రభుత్వం తల్లుల దగ్గర నుంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లల విషయంలో క్షమాపణ చెప్పడానికి అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ ఒప్పుకోలేదు. వేడుకలో ఆయన కూడా కూర్చుని ఉన్నాడు. పార్లమెంటులో ఆ క్షమాపణ 2008 ఫిబ్రవరి 13న, తర్వాతి ప్రధాని కెవిన్ రడ్ నోట వచ్చింది. జార్జ్ దాన్ని వినలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2007 జూన్‌లో పోయాడు.

◆ మధ్య, ఉత్తర ఆస్ట్రేలియాలో చాలా ఆదివాసీ సమాజాల్లో చనిపోయినవాళ్ల పేరు కొంతకాలం పలకరు. ఫొటోలు చూపరు, గొంతు వినిపించరు. అదే పేరున్న బతికున్న మనిషిని కూడా మరో మాటతో పిలుస్తారు. ఎంతకాలం అనేది కుటుంబం నిర్ణయిస్తుంది. అందుకే అక్కడి టీవీ కార్యక్రమాలకు ముందు ఒక హెచ్చరిక వస్తుంది. గాయకుల విషయంలో ఇది చాలా పెద్ద సంగతి. పాట ఆపేస్తే మనిషిని గౌరవించినట్టు, మళ్లీ మొదలుపెట్టడానికి కుటుంబం అనుమతి కావాలి. జార్జ్ కథ తర్వాత డాక్యుమెంటరీగా వచ్చింది.

◆ సామీ బుచర్ చాలా యాత్రలకు వెళ్లలేదు. పిల్లలు, కుటుంబం, ఊరి బాధ్యతలు ముఖ్యమని పాపున్యాలోనే ఉండిపోయాడు. బ్యాండ్‌కు పేరొస్తున్న రోజుల్లో ఇలా ఆగడం చిన్న నిర్ణయం కాదు. ఊళ్లోనే కుర్రాళ్లకు వాయించడం, రికార్డు చేయడం నేర్పించాడు. మాటల్లేకుండా గిటారుతోనే ‘డెజర్ట్ సర్ఫ్ గిటార్’ అనే ఆల్బమ్ చేశాడు. పాపున్యా నుంచి తర్వాత వచ్చిన జుపి బ్యాండ్ లూరిచాలోనే పాడింది. 2024 సిడ్నీ ఉత్సవంలో వరుంపి కథ ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’ పేరుతోనే రంగస్థలం ఎక్కింది. దాని దర్శకుల్లో ఒకరు సామీ కూతురు అన్యుపా బుచర్.

◆ జార్జ్ పుట్టిన ఎల్కో ద్వీపానికి సంగీతంలో ఇంకా పెద్ద వాటా ఉంది. పుట్టుచూపు లేని జెఫ్రీ గురుముల్ యునుపింగు అక్కడివాడే. ముందు యోథు యిండి అనే బ్యాండ్‌లో, తర్వాత సాల్ట్‌వాటర్ బ్యాండ్‌లో వాయించి, 2008లో సొంత ఆల్బమ్‌తో ప్రపంచాన్ని తన వైపు తిప్పుకున్నాడు. 2017లో పోయాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘జరిమిరి’, ఆదివాసీ భాషలో ఉండి ఆస్ట్రేలియా చార్టులో మొదటి స్థానం అందుకున్న తొలి ఆల్బమ్. ‘జైలంగురు పకర్ను’ నుంచి అక్కడికి 35 ఏళ్లు పట్టింది.

  

◆ వినాలనిపిస్తే ఇలా మొదలుపెట్టండి. ముందు ‘జైలంగురు పకర్ను’. భాష అర్థం కాకపోయినా ఫర్వాలేదు, గిటారు వరస వెంటనే పట్టుకుంటుంది. తర్వాత ‘బ్లాక్‌ఫెలా/వైట్‌ఫెలా’. ఆపైన ‘మై ఐలాండ్ హోమ్’, మొదట జార్జ్ గొంతులో, ఆ తర్వాతే క్రిస్టీన్ అను గొంతులో. 1996 నాటి చివరి ఆల్బమ్ ‘టూ మచ్ హంబగ్’లో ‘స్టాంపిన్ గ్రౌండ్’ ఉంది, దాన్ని వదలొద్దు. సామీ గిటారు ఆల్బమ్ దొరికితే రాత్రిపూట, ఎవరూ లేనప్పుడు వినండి.